ఈ ఇంటికి మూట తీసుకుపోవద్దు



ఈ సంగతి రాయాలా వద్దా అని రంజాన్ అయినప్పట్నుంచీ అనుకుంటానే ఉన్నా. మొన్న ఖాలాను అడిగితే, "రాయి బేటీ, నా పేరు మాత్రం నక్కో" అంది. పేరు లేకుండానే రాస్తున్నా.

నేను చేసే నౌకరీ ఏంటో మా అబ్బాకు చాలా రోజులు అర్థం కాలేదు. "బట్టల దుకాణంలో పనంటావు. దుకాణం ఎక్కడుందంటే ఫోన్లో ఉందంటావు. గిరాకీ ఎక్కడుందంటే దుబాయ్‌లో ఉందంటావు. మరి నువ్వు చేసేదేంది?" అని అడిగేవాడు. ఒకరోజు కైరుప్పలలో మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను.

"అబ్బా, నేను ఉత్తరాలు రాసి పెడతా. ఎవరికి, ఎప్పుడు, ఏ ఉత్తరం పోవాలో ముందే చెప్పి పెడతా. ఆ తర్వాత వాటంతట అవే పోతాయి."

"నువ్వు నిద్రపోయినా?"

"నిద్రపోయినా పోతాయి."

"నువ్వు లేకపోయినా?"

లోపల్నుంచి అమ్మీ "తోబా తోబా, ఏం మాటలవి" అని అరిచింది. నేను నవ్వి, "కంపెనీవాళ్ళు డబ్బులు కట్టినంత కాలం పోతానే ఉంటాయబ్బా" అన్నా.

అబ్బా నవ్వలేదు. కాసేపు ఊరుకుని, "అందరికీ ఒకే మాటేనా? సబ్‌కో ఏకీచ్ బాత్?" అన్నాడు. ఆ సవాల్‌లో ఎంత ఉందో అప్పుడు నాకు తెలీలేదు.

మా అబ్బా ఇరవై ఏడేళ్ళు సైకిల్ మీద బట్టలు అమ్మాడు. ఆదోనిలో సరుకు తీసుకుని, మూట కట్టి, క్యారియర్ మీద పెట్టుకుని కారుమంచి, చిగిలి, ములుగుందం, ఆస్పరి తిరిగేవాడు. చీరలు, లుంగీలు, తువ్వాళ్ళు, దుప్పట్లు. సగం అప్పు బేరమే. పత్తి అమ్మినాక ఇస్తామంటే పత్తి అమ్మేదాకా ఆగేవాడు. నల్లరేగడి నేల, వాన పడితే పంట, లేకపోతే వలస. ఎవరింట్లో ఎప్పుడు డబ్బు ఆడుతుందో, ఎవరింట్లో షాదీ ఉందో, ఎవరికి కాన్పు అయిందో, అంతా ఆయనకు తెలుసు. తెలిసిందంతా ఒక పొడుగాటి ఖాతా పుస్తకంలో రాసుకునేవాడు. పేర్లు తెలుగులో, లెక్కలు తనకే అర్థమయ్యే గుర్తుల్లో.

ఆ పుస్తకం నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. కొన్ని పేర్ల పక్కన చిన్న సున్నా చుట్టి ఉండేది. అదేంటని ఎప్పుడూ అడగలేదు. బాకీ తీరిపోయిందని గుర్తేమో అనుకున్నా.

డిగ్రీ అయ్యాక షాదీ, షాదీ అయ్యాక ఆదోని. పిల్లలు బడికి పోవడం మొదలెట్టాక ఇంట్లోంచే చేసుకోవచ్చని ఈ పని పట్టుకున్నా. ఎమ్మిగనూరు మగ్గాల సరుకు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న సంస్థ అది. ఎమ్మిగనూరు పేరు మనవాళ్ళకు కొత్త కాదు. మాచాని సోమప్ప గారు 1938లో అక్కడ నేతగాళ్ళ సహకార సంఘం పెట్టారు, 1954లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ సంఘం దుప్పట్లు, తువ్వాళ్ళు మా ఇళ్ళల్లో మూడు తరాలు వాడాం. మేము అమ్మేది ఆ సంఘం సరుకు కాదు, విడిగా నేసేవాళ్ళ దగ్గర కొన్నది. కుర్తా బట్ట, లుంగీలు, దుపట్టాలు, దస్తర్‌ఖాన్లు కూడా. కొనేవాళ్ళలో చాలామంది మనవాళ్ళే. హైదరాబాద్, బెంగళూరు, రియాద్, దుబాయ్.

ఈ ఉత్తరాల ఏర్పాటును వాళ్ళ భాషలో వర్క్‌ఫ్లో అంటారు. పెద్ద ఇల్మ్ ఏం కాదు, వంట తెలిసినవాళ్ళకు అర్థమైపోతుంది. మొదట ట్రిగ్గర్ ఉంటుంది, అంటే పొయ్యి వెలిగించే పని. ఎవరన్నా పేరు నమోదు చేసుకుంటే, లేదా బుట్టలో బట్ట పెట్టి కొనకుండా వెళ్ళిపోతే, అక్కడ మొదలవుతుంది. తర్వాత ఆగే సమయం: గంట ఆగు, మూడు రోజులు ఆగు. తర్వాత షరతు: ఈలోపు కొన్నారా? కొంటే ఈ దారి, కొనకపోతే ఆ దారి. అన్నిటికంటే ముఖ్యమైనది, అందరూ మర్చిపోయేది, బయటికి పోయే తలుపు. మనిషిని ఈ వరసలోంచి ఎప్పుడు తీసేయాలి? ఎప్పుడు చాలు అనాలి? అది పెట్టకపోతే అన్నం ఉడికాక కూడా పొయ్యి మండుతానే ఉంటుంది.

ఇవి కాకుండా అసలు ఎవరికి పంపకూడదో చెప్పే జాబితా ఒకటి ఉంటుంది. వద్దు అని నొక్కినవాళ్ళు, చిరునామా చెడిపోయినవాళ్ళు అందులో పడతారు. గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి దీన్ని గట్టి చేశాయి. జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000 దాటి పంపేవాళ్ళయితే ఒక్క నొక్కుతో వద్దనే బటన్ పెట్టాలి, అలా వద్దన్నవాళ్ళను రెండు రోజుల్లో తీసేయాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. మాది అంత పెద్ద సంస్థ కాదు. అయినా ఆ ఖానూన్ ప్రకారమే అన్నీ పెట్టుకున్నా. చిరునామా అసలైనదని రుజువు చేసే సెట్టింగులు, వద్దనే బటన్, అన్నీ. అన్నీ సరిగ్గా ఉన్నాయనే అనుకున్నా.

మొదటి దెబ్బ 2024లో తగిలింది. అది నవ్వుకునే దెబ్బ. క్యాలెండర్‌లో ఈద్ ఏప్రిల్ 10 అని చూసి, ఆ పొద్దున ఎనిమిదికి ముబారక్ ఉత్తరం పోయేలా పెట్టి నిద్రపోయా. ఏప్రిల్ 9 ఉగాది. ఆ సాయంత్రం మా వైపు చాంద్ కనపడలేదు. ముప్పై రోజాలు పూర్తి చేసి 11న ఈద్ చేసుకున్నాం. నా ఉత్తరం మాత్రం 10 పొద్దున్నే అందరికీ చేరిపోయింది. "బెహన్, మేమింకా రోజాలో ఉన్నాం, మీ షీర్ ఖుర్మా ముందే ఉడికిందా?" అని ఒకాయన జవాబు రాశాడు. రియాద్‌వాళ్ళకు మాత్రం సరిగ్గా పడింది, వాళ్ళకు ఈద్ 10నే. అబ్బా వారం రోజులు నవ్వాడు. "చాంద్‌ను అడక్కుండా ఈద్ తెచ్చిన దానివి నువ్వొక్కదానివే" అన్నాడు.

ఆ ఏడాదే ఇంకో వరస కట్టా. దాని మీద నాకు చాలా నాజ్ ఉండేది. సరుకు కొనేటప్పుడు "ఎవరి కోసం?" అని ఒక ప్రశ్న పెట్టా. మీ కోసమా, మీవారికా, అమ్మీ అబ్బాలకా, పిల్లలకా. ఆ జవాబు పట్టుకుని వచ్చే ఏడాది ఈద్‌కు 15 రోజుల ముందు ఒక ఉత్తరం: "పోయిన రంజాన్‌లో మీవారికి తీసుకున్న తెల్ల కుర్తా బట్ట యాదుందా? ఈసారి కూడా ఆయన కోసం పక్కన పెట్టాం." కొనకపోతే ఏడు రోజుల ముందు ఇంకోటి. అప్పటికీ కొనకపోతే రెండు రోజుల ముందు ఆఖరుది: "ఆయన ఈద్ జోడా ఇంకా సిద్ధం కాలేదా?" కింద నా పేరు. సంస్థ పేరుతో పంపితే జనం తెరవరు, మనిషి పేరుతో పంపితే తెరుస్తారు. అందుకని "మీ చెల్లి" అని రాసి నా పేరు పెట్టా. తర్వాత ఆ వరసను మర్చిపోయా. మర్చిపోవడానికేగా కట్టేది.

ఆదోనిలో మాకు ఒక ఖాలా ఉంది. అమ్మీకి పిన్ని కూతురు. ఉర్దూ స్కూల్లో టీచర్‌గా చేసి రిటైర్ అయింది. నేను ఈ పనిలో చేరానని తెలిసి మా మొదటి గిరాకీల్లో తనూ ఒకరైంది. 2024 రంజాన్‌లో ఖాలూ కోసం తెల్ల కుర్తా బట్ట మూడు మీటర్లు తెప్పించుకుంది. ఎవరి కోసం అన్నచోట "మీవారికి" అని నొక్కింది.

2025 జనవరిలో ఖాలూ ఇంతెఖాల్ అయిపోయారు. రాత్రి ఛాతీలో నొప్పి, పొద్దున ఫజర్ లోపే అయిపోయింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. నేను మయ్యత్‌కు పోయా. ఖాలా పక్కన కూర్చున్నా. జియారత్‌కు పోయా, చాలీస్వాకు పోయా. చాలీస్వా రోజు వంట దగ్గర నేనే నిలబడ్డా. ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచి పని చేసుకున్నా. ఈ రెండూ ఒకే మనిషి జిందగీలోవని ఒక్కసారి కూడా తట్టలేదు.

2025లో ఉగాది మార్చి 30 ఆదివారం. పిల్లల్ని తీసుకుని కైరుప్పల వచ్చా. మా ఊళ్ళో ఉగాది మర్నాడు పిడకల సమరం. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ పెళ్ళి విషయంలో తగువొచ్చిందని, వాళ్ళ తరఫున జనం రెండు వైపులుగా చీలి పిడకలతో కొట్టుకున్నారని కథ. దెబ్బలు తగిలినవాళ్ళు గుడి విభూతి రాసుకుని ఇంటికి పోతారు. ఆ తర్వాత దేవుళ్ళకు పెళ్ళి చేస్తారు. చిన్నప్పుడు మేము మిద్దెల మీద నుంచి చూసేవాళ్ళం. ఆ ఏడాది మార్చి 30 మగ్రిబ్‌కు చాంద్ కనపడింది. అంటే ఈదూ, పిడకల సమరమూ ఒకే రోజు, 31న. మా పిల్లల ఖుషీ చెప్పనలవి కాదు.

రియాద్‌లో మాత్రం ఆ ఆదివారమే ఈద్. ఖాలా కొడుకు అక్కడుంటాడు. ఇషా తర్వాత వాడు ఫోన్ చేశాడు. ముబారక్ చెప్పడానికనుకున్నా.

"ఆపా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. అమ్మీకి ఆ మెయిల్స్ ఎందుకు పంపుతున్నావు?"

"ఏ మెయిల్స్ రా?"

"అబ్బా కుర్తా గురించి. మూడు వచ్చినాయంట. ఈరోజు ఫోన్లో ఏడ్చింది. నిన్నేం అనొద్దని కూడా చెప్పింది. కానీ నేనే ఉండబట్టలేక చేస్తున్నా."

నాకు నోరు పెగల్లేదు. అది మిషన్ పంపింది రా, నేను కాదు, అని గొంతుదాకా వచ్చింది. ఆ మాట కూడా అన్నానేమో, సరిగా యాద్ లేదు. వాడు "సరే ఆపా, ఖుదా హాఫిజ్" అని పెట్టేశాడు.

లాప్‌టాప్ తెరిచి చూశా. లెక్క ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. 16న మొదటిది పోయింది, తెరిచారు. కొనలేదు. 24న రెండోది పోయింది, తెరిచారు. కొనలేదు. 29న మూడోది. ఆ వరసలోంచి బయటికి పోవడానికి నేను పెట్టిన తలుపు ఒక్కటే: కొనడం. కొనకపోతే మళ్ళీ అడగమని నేనే చెప్పా. పోయిన మనిషికి కుర్తా కొనలేదేమని ఆమెను మూడుసార్లు అడిగించా. వద్దనే బటన్ కూడా ఉంది కదా అని చూశా. ఆమె నొక్కలేదు.

ఆ వరసను అక్కడికక్కడే ఆపేశా. అరుగు మీదకొచ్చి కూర్చుంటే అబ్బా ఏమైందని అడిగాడు. చెప్పా. తిడతాడనుకున్నా. లోపలికి పోయి ఆ పాత ఖాతా పుస్తకం తెచ్చి, సున్నా చుట్టిన పేరు ఒకటి చూపించాడు.

"ఇది తెలుసా నీకు?"

"బాకీ తీరిందనా?"

"కాదు. ఆ ఇంట్లో ఆ ఏడాది పండగ లేదని. ఎవరన్నా పోతే సున్నా చుట్టేవాణ్ణి. ఈ ఇంటికి మూట తీసుకుపోవద్దు అని నాకు నేనే రాసుకున్న మాట."

"అయితే ఆ ఇంటికి పోయేవాడివి కాదా?"

"ఎందుకు పోను? పోవాలి. అప్పుడే పోవాలి. మూట ఊరి బయట ఎవరి దగ్గరన్నా పెట్టి, ఉత్త చేతులతో పోయి కూర్చుని రావాలి. మూటతో పోతే బేరానికొచ్చాడంటారు. అసలు పోకపోతే బేరం లేదని రాలేదంటారు."

మర్నాడు ఈద్. నమాజ్ అయి, అబ్బా ఈద్గాహ్ నుంచి వచ్చాక, షీర్ ఖుర్మా ఒక టిఫిన్‌లో పోసుకుని బయల్దేరా. ఈద్ రోజు మయ్యత్ ఇంటికి ఎందుకని అమ్మీ అనలేదు. ఊళ్ళోకి ఆటోల నిండా, ట్రాక్టర్ల నిండా జనం దిగుతున్నారు, సాయంత్రం పిడకలు చూడ్డానికి. ఊళ్ళోంచి బయటికి పోయే ఆటో దొరకడమే కష్టమైంది. పిల్లలు అక్కడే ఉండిపోయారు.

ఖాలా ఇంకా ఇద్దత్‌లోనే ఉంది. నాలుగు నెలల పది రోజులు. లోపలి గదిలో తెల్ల దుపట్టాలో కూర్చుని ఉంది. సలాం చెప్పి కాళ్ళ దగ్గర కూర్చున్నా. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూ వచ్చా: వర్క్‌ఫ్లో అంటే ఏంటో, అది ఎలా నడుస్తుందో, నేను పోయినేడాది రాసి మర్చిపోయానని. మొదలుపెట్టా కూడా. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"మిషన్ అని వాడు నాకు చెప్పినాడు బేటీ. నాకు తెలీదా, టీచర్ని. మొదటిది చూసినప్పుడు మిషనే అనుకున్నా. కానీ కింద నీ పేరు ఉంది. మీ చెల్లి అని ఉంది. వావి తప్పుగా రాసినావని నవ్వుకున్నా కూడా. రెండోది వచ్చినప్పుడు, నా పక్కన కూర్చుని ఏడ్చిన పిల్ల ఇట్లా ఎట్లా రాస్తుంది అనుకున్నా. అదే నొప్పి. కుర్తా గురించి కాదు."

"వద్దని నొక్కొచ్చు కదా ఖాలా, కింద బటన్ ఉంది."

అడగ్గానే తప్పు అడిగానని తెలిసింది.

"నీ పేరు కింద వద్దు అని ఎట్లా నొక్కేది?" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఖానూన్ ప్రకారం బటన్ పెట్టా, అది పనిచేస్తుంది. కానీ దాన్ని నొక్కలేని చోట ఆమెను నిలబెట్టింది కింద పెట్టిన నా పేరే. జనం తెరవాలని పెట్టిన పేరు.

కాసేపటికి ఖాలా లేచి అల్మారీ తెరిచింది. పోయినేడాది తెప్పించుకున్న కుర్తా అందులో ఉంది, కుట్టించి ఇస్త్రీ చేసి. ఖాలూ ఒక్క ఈద్‌కే తొడిగారు. "ఎవరికన్నా ఇద్దామంటే చెయ్యి రావడం లేదు" అంది. నేను టిఫిన్ తెరిచా. ఇద్దరం చెరో నాలుగు చెంచాలు షీర్ ఖుర్మా తిన్నాం. మాఫ్ చేయమని అడిగా. "మాఫీ ఎప్పుడో ఇచ్చినా, నీకా ఆ మాట" అంది. మళ్ళీ, "వేరేవాళ్ళకు ఇట్లా కానీయొద్దు" అంది.

తర్వాత చేసిన పనులు చెప్తా. చిన్న వ్యాపారాలు చేసే మన బెహన్లు, భాయీలు చాలామంది ఇప్పుడు ఇలాంటి ఉత్తరాలు, వాట్సాప్ కబుర్లు పెట్టుకుంటున్నారు కాబట్టి పనికొస్తుందేమో.

ఒకటి, కుర్తా వరసను పూర్తిగా తీసేశా. ఒకరి ఇంటి మనిషి గురించి నాకు ఏడాది కిందటి సంగతే తెలిసినప్పుడు, ఈ ఏడాది ఆయన పేరెత్తే హక్కు నాకు లేదు.

రెండు, ప్రతి వరసకూ కొనడం కాక ఇంకో తలుపు పెట్టా. రెండు ఉత్తరాలు తెరిచి ఏమీ చేయకపోతే అక్కడితో ఆపేయాలి. జవాబు లేకపోవడం కూడా ఒక జవాబే.

మూడు, పండగ ఉత్తరాలకు చాంద్ కబురు వచ్చాకే మనిషి చేత్తో నొక్కేలా పెట్టా. గల్ఫ్‌వాళ్ళ జాబితా వేరు, మనవాళ్ళ జాబితా వేరు.

నాలుగు, పండగకు మూడు వారాల ముందే సరుకు మాట లేకుండా ఒక ఉత్తరం: "ఈసారి పండగ కబుర్లు మీకు కష్టంగా ఉంటే ఇక్కడ నొక్కండి. కారణం అడగం. మామూలు ఉత్తరాలు మామూలుగానే వస్తాయి." ఇది నా బుర్రలో పుట్టింది కాదు. లండన్‌లో బ్లూమ్ అండ్ వైల్డ్ అనే పూల కంపెనీ 2019లో మదర్స్ డే ముందు తన గిరాకీలను ఇలాగే అడిగింది. అమ్మ పోయినవాళ్ళకు, బిడ్డ పోయినవాళ్ళకు ఆ రోజు పూల ప్రకటన ఎలా ఉంటుందో ఆలోచించి చేసిన పని అది. వేలమంది వద్దని నొక్కారు. మా యజమాని మొదట ఒప్పుకోలేదు. "గిరాకీని మనమే తలుపు తీసి పంపించడమా?" అన్నాడు. ఖాలా సంగతి చెప్పాక ఒప్పుకున్నాడు.

ఐదు, మిషన్ పంపే దేని కిందా నా పేరు ఉండదు. దుకాణం పేరే ఉంటుంది. తెరిచేవాళ్ళు కొంచెం తగ్గారు. తగ్గనీ.

బక్రీద్‌కు ముందు ఆ ఉత్తరం పంపితే పంతొమ్మిది మంది నొక్కారు. ఎవరో, ఎందుకో నేను చూడలేదు. పంతొమ్మిది ఇళ్ళు. అబ్బాకు చెప్తే, "పంతొమ్మిది సున్నాలా?" అన్నాడు. తర్వాత, "అందరింటికీ పోలేవు. తెలిసిన ఇంటికన్నా పో" అన్నాడు.

ఖాలా ఇద్దత్ మే నెలలో ముగిసింది. జూన్ 7న బక్రీద్. ఖాలాకు ఈసారి ఉత్తరం పోలేదు. ముందు రోజు ఫోన్ చేసి, "ఖాలా, రేపు వస్తా" అన్నా.

"ఉత్త చేతులతో రా" అంది. అబ్బా మాట తనకు చెప్పానని అప్పటిదాకా నాకే యాద్ లేదు.

పోయా. అల్మారీలో కుర్తా లేదు. ఎక్కడికి పోయిందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మర్హూమ్ ఖాలూ మగ్ఫిరత్ కోసం దుఆ చేయండి. మీ ఇళ్ళల్లో ఈ ఏడాది సున్నా చుట్టిన పండగ ఉంటే, అల్లాహ్ మీకు సబర్ ఇవ్వాలి. ఆమీన్.